పంటు ఆగిపోయిన రేవుకి ఫోన్లో మ్యాపు దారి చూపించింది. మ్యాపుల్లో మనం వాడని సౌకర్యాలు ఇంకేం ఉన్నాయి?

ఇంటింటి ఫిజియో (అమలాపురం) అడిగారు:

నమస్కారం అండి. నేను ఫిజియోథెరపిస్టుని. క్లినిక్ లేదు, ఇళ్లకే వెళ్లి చేస్తాను. పక్షవాతం వచ్చి మంచాన పడ్డవాళ్లు, తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినవాళ్లు, మోకీలు మార్చుకున్నవాళ్లు నా పేషెంట్లు. రోజుకి ఐదారు ఇళ్లు, స్కూటీ మీదే. ఒకరోజు అంబాజీపేట వైపు, ఒకరోజు ముమ్మిడివరం వైపు, వారానికోసారి లంకల్లోకి.

పోయిన నెల ద్రాక్షారామం దగ్గర ఒక ఊళ్లో కొత్త పేషెంటు దొరికారు. సాయంత్రం ఐదింటికి వస్తానని చెప్పాను. ఫోన్లో దారి చూపే యాప్ పెట్టుకుంటే ముక్తేశ్వరం మీదుగా చూపించింది. గీత నీలంగా, టైము తక్కువగా ఉంది కదా అని బయలుదేరిపోయాను. రేవులోకి దిగేసరికి గౌతమి గోదావరి ఎర్రగా, నిండుగా పారుతోంది. మనుషుల్నీ బండ్లనీ నది దాటించే పంటు గట్టుకి కట్టేసి ఉంది. "వరదకి ఆపేసి రెండ్రోజులైందమ్మా" అన్నారు టీకొట్టు ఆయన. నా ఫోన్లో గీత మాత్రం నది మీదుగా అవతలున్న కోటిపల్లి దాకా అలాగే ఉంది. వెనక్కి తిరిగి ముమ్మిడివరం వచ్చి, ఎదుర్లంక వంతెన దాటి, యానాం మీదుగా చుట్టూ తిరిగి వెళ్లేసరికి బాగా చీకటి పడింది. ఆ ఇంట్లో పెద్దాయన్ని కొడుకు నాలుగున్నరకే లేపి కుర్చీలో కూర్చోబెట్టాడట. మూడు గంటలు కూర్చునేసరికి ఆయన మెడ వాలిపోయింది. ఆ రోజు ఏ వ్యాయామమూ చేయించలేకపోయాను. పడుకోబెట్టి, కాళ్లు సర్ది వచ్చేశాను. ఆ బాధ ఇంకా పోలేదు.

రెండోది ఇల్లు దొరకడం. "రామాలయం పక్క సందులో, కొబ్బరి చెట్టు ఉన్న ఇల్లు" అంటారు. మా వైపు కొబ్బరి చెట్టు లేని ఇల్లు ఎక్కడుందండి? లంకల్లో సిగ్నల్ ఉండదు, ఫోన్ చేసి అడుగుదామన్నా కుదరదు.

మ్యాపు అంటే ఊరు పేరు కొట్టి బయలుదేరడం వరకే నాకు తెలుసు. అందులో చాలా ఉంటాయని మా తమ్ముడు అంటాడు గానీ కూర్చుని చూపించడు. రోజూ రోడ్డు మీద ఉండేవాళ్లు మీరు నిజంగా వాడేవి ఏమిటో చెప్పండి.

పార్సెల్ బండి (రావులపాలెం) జవాబు:

మేడం గారండీ, నేను తొమ్మిదేళ్ల నుంచి పార్సిళ్ల వ్యాను నడుపుతున్నాను. కోనసీమలో నేను తిరగని గట్టు లేదు. నేను వాడేది గూగుల్ మ్యాప్స్ కాబట్టి అందులో ఉన్నవే చెబుతాను. వేరే యాపుల్లో కూడా ఇవి చాలావరకు ఉంటాయి, పేర్లు మారతాయి అంతే.

ముందు పంటు సంగతి. దారి అడిగాక పైన కుడివైపు మూడు చుక్కలు కనబడతాయి. అవి నొక్కితే ఎంపికలు వస్తాయి. టోల్ రోడ్లు వద్దు, హైవేలు వద్దు, ఫెర్రీలు వద్దు అని మూడు ఉంటాయి. ఆ మూడోది మన పంటే. అది పెట్టుకుంటే నది మీదుగా గీత గీయదు, వంతెన మీదుగానే తీసుకెళుతుంది. నేను జులై నుంచి అక్టోబరు దాకా అది తీయను. ముక్తేశ్వరం రేవుకే కాదు, సఖినేటిపల్లి నుంచి నరసాపురం దాటేవాళ్లకీ ఇదే మాట. పంటు లేని రోజు దిండి వెళ్లి చించినాడ వంతెన ఎక్కాల్సిందే. గోదావరికి నీళ్లొస్తే రేవు ఆపుతారని చిన్నప్పటి నుంచి ఇక్కడ పెరిగిన మనకి తెలుసు. ఆ కబురు ఫోన్‌కి ఎవరూ చెప్పరు కదండీ.

ఇంకొక అలవాటు చేసుకోండి. స్టార్ట్ నొక్కే ముందు దారి మొత్తం మెట్లుమెట్లుగా చూపించే జాబితా ఉంటుంది. కిందికి లాగి ఒక్కసారి చదవండి. పంటు ఎక్కాల్సి ఉంటే అక్కడ రాసే ఉంటుంది. నాకు అర నిమిషం పడుతుంది. కొత్త ఊరికి వెళ్లేటప్పుడు అది చదవకుండా తాళం తిప్పను.

రెండోది సిగ్నల్. చాలామంది నెట్ లేకపోతే మ్యాపు పని చేయదనుకుంటారు. మనం ఎక్కడున్నామో ఫోన్‌కి తెలిసేది పైనున్న ఉపగ్రహాల వల్ల. దానికి నెట్ అక్కర్లేదు. నెట్ కావాల్సింది బొమ్మకి, అంటే రోడ్లు, ఊళ్ల పేర్లకి. ఆ బొమ్మ ముందే దింపుకుంటే సరి. రాత్రి ఇంట్లో వైఫై ఉన్నప్పుడు యాప్‌లో పైన మీ ఫొటో నొక్కి, ఆఫ్‌లైన్ మ్యాప్స్‌లోకి వెళ్లండి. ఒక చదరపు గీత వస్తుంది. దాన్ని జరిపి, పెద్దది చేసి, రావులపాలెం నుంచి అంతర్వేది దాకా, అటు యానాం దాకా పట్టేలా పెట్టి దింపుకోండి. దానికి గడువు ఉంటుంది, అప్పుడప్పుడూ అప్‌డేట్ చేస్తుండాలి. వైఫైలో ఉంటే చాలాసార్లు అదే చేసుకుంటుంది.

ఇందులో ఒక మెలిక ఉంది, మీకు ఇది ముఖ్యం. నెట్ లేనప్పుడు కారు దారి మాత్రమే చూపిస్తుంది. నడక దారి రాదు, ట్రాఫిక్ తెలియదు. మీది స్కూటీ కాబట్టి సిగ్నల్ ఉన్నప్పుడు ద్విచక్ర వాహనం బొమ్మ ఎంచుకుంటారు. 2017 డిసెంబరులో ముందుగా మన దేశంలోనే పెట్టారు దాన్ని. కారు పట్టని సందులు, అడ్డదారులు చూపిస్తుంది. ఎండాకాలం బ్రహ్మాండంగా ఉంటుంది. వాన పడితే మాత్రం నా మాట విని కారు దారిలోనే వెళ్లండి. కాలవ గట్టు మీద నల్లమట్టి తడిస్తే స్కూటీ చక్రం తిరగదు, మడ్‌గార్డులో మట్టి ముద్దగా పట్టేస్తుంది. మ్యాపులో ఆ గట్టూ, తారు రోడ్డూ ఒకేలా గీతల్లా ఉంటాయి. తేడా చూడాలంటే శాటిలైట్ బొమ్మ పెట్టి దగ్గరకి లాగండి. తారు రోడ్డు బూడిద రంగులో ఉంటుంది, గట్టు మట్టి రంగులో ఉంటుంది.

మూడోది ఇల్లు. "కొబ్బరి చెట్టు" అన్నారు చూడండి, నాకు రోజుకి పదిమంది అదే చెబుతారు. అందుకని నేను గుర్తులు అడగడం మానేశాను. ఇంట్లోవాళ్లలో ఒకరిని వీధి గేటు దగ్గరకి వచ్చి వాట్సాప్‌లో లొకేషన్ పంపమంటాను. మంచం మీద కూర్చుని పంపితే పెంకుటింటి కింద, చెట్ల కింద గుర్తు పక్కింట్లో పడుతుంది. బయటకొచ్చి, నీలం చుక్క చుట్టూ ఉన్న వలయం చిన్నదయ్యేదాకా ఆగి పంపమనండి. ఒకసారి వెళ్లి వచ్చాక ఆ ఇంటి మీద వేలు పెట్టి నొక్కి ఉంచితే పిన్ను పడుతుంది. దానికి మీ సొంత పేరు పెట్టి దాచుకోవచ్చు. అది మీకు తప్ప ఎవరికీ కనబడదు. నా ఫోన్లో ఇలాంటివి వందల మీద ఉన్నాయి: "నీలం గేటు", "కుక్క ఉంది", "బండి ఇక్కడే ఆపాలి".

ఆ చివరిదే అన్నిటికన్నా పనికొచ్చేది. ఇంటి పిన్ను వేరు, బండి ఆపే చోటు పిన్ను వేరు. లంకల్లో వంతెన ఇవతలే బండి ఆపాలి. ఇల్లు ఎక్కడుందో తెలిసినా బండి ఎక్కడ ఆపాలో తెలియక నేను మొదటి ఏడాది చాలాసార్లు రివర్స్‌లో గట్టంతా వెనక్కి వచ్చాను.

ఊరి పేర్లు కూడా చూసుకోండి. ఉత్త గన్నవరం అని కొడితే విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరం ముందుకొచ్చే అవకాశం ఉంది. మన పి.గన్నవరం కావాలంటే పూర్తిగా రాయాలి. కొత్తపేటలు ఎన్నో లెక్కే లేదు. పేరు పక్కన మండలం గానీ పిన్‌కోడ్ గానీ కలిపి కొట్టండి. మన వైపు 533తో మొదలవుతుంది, కృష్ణా గన్నవరానిది 521.

చిన్నవి రెండు చెప్పి ఆపుతాను. ఐదారు ఇళ్లు అంటున్నారు కదా, దారి అడిగాక అవే మూడు చుక్కల్లో మజిలీ కలిపే ఎంపిక ఉంది, తొమ్మిది దాకా కలుపుకోవచ్చు. వేలితో పట్టుకుని పైకీ కిందికీ జరిపితే వరుస మారుతుంది, మొత్తం టైమూ మారుతుంది. ఇంకోటి, ఒంటి చేత్తో బొమ్మ పెద్దది చేయడం. రెండుసార్లు తట్టి, రెండోసారి వేలు ఎత్తకుండా కిందికీ పైకీ జరపండి. ఒక చేతిలో మీ మెషీన్ బ్యాగు ఉంటుంది కాబట్టి చెబుతున్నాను. బండి నడుపుతూ మాత్రం వద్దు, పక్కకి ఆపి చూసుకోండి.

గొలుసు కొలత (పదవీ విరమణ చేసిన సర్వేయరు, కాకినాడ) జవాబు:

అమ్మా, పై అబ్బాయి చెప్పినవన్నీ మంచివే. నేను భూములు కొలిచినవాణ్ణి కాబట్టి అంకెల సంగతి చెబుతాను.

ఏ పిన్ను పెట్టినా రెండు అంకెలు వస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. అమలాపురానికి సుమారు 16.58, 82.00. తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడైనా మొదటి అంకె దాదాపు 12 నుంచి 20 లోపల, రెండోది 76 నుంచి 85 లోపల ఉంటుంది. ఎవరైనా మీకు అంకెలు పంపితే ముందు ఇది చూసుకోండి. తారుమారైతే అమలాపురం కాస్తా నార్వేవాళ్ల స్వాల్‌బార్డ్ దీవులకి ఉత్తరాన మంచు సముద్రంలో పడుతుంది. చుక్క తర్వాత ఎన్ని అంకెలున్నాయో కూడా చూడాలి. ఒక డిగ్రీ అక్షాంశం అంటే నేల మీద సుమారు 111 కిలోమీటర్లు. చుక్క తర్వాత రెండే అంకెలుంటే కిలోమీటరు అటూ ఇటూ అవుతుంది, అది ఊరు మాత్రమే. నాలుగుంటే 11 మీటర్లు, అంటే ఇల్లు. ఐదుంటే మీటరు, అంటే గేటు.

అంకెలు ఫోన్లో చెప్పడం కష్టం అనుకుంటే ప్లస్ కోడ్ ఉంది. పిన్ను వివరాల్లో కిందికి చూస్తే నాలుగు అక్షరాలు, ఒక ప్లస్ గుర్తు, మరో రెండు మూడు అక్షరాలు, పక్కన ఊరి పేరు కనబడతాయి. ప్లస్ తర్వాత రెండక్షరాలుంటే సుమారు 14 మీటర్ల చదరాన్ని సూచిస్తుంది అది. దాన్ని తయారుచేసినవాళ్లు ఒక మంచి పని చేశారు. ఇంగ్లీషు అచ్చులు అసలు వాడలేదు, సున్నా, ఒకటి కూడా వాడలేదు. సున్నాని ఓ అని, ఒకటిని ఐ అని రాసుకునే గొడవ ఉండదు. పేషెంటు ఇంట్లోవాళ్లు ఆ కోడ్‌ని గోడ మీద కేలెండరు పక్కన రాసి పెట్టుకుంటే, అర్ధరాత్రి అంబులెన్సుకి కూడా ఫోన్లో చదివి చెప్పవచ్చు. మీరు వెళ్లే ప్రతి ఇంట్లోనూ ఈ ఒక్క పని చేసిపెట్టమని నా కోరిక.

మన తపాలా శాఖ కూడా 2025లో డిజిపిన్ అని ఒకటి తెచ్చింది. ఐఐటీ హైదరాబాద్, బాలానగర్‌లో ఉన్న మన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కలిసి చేసిన పని. దేశం మొత్తాన్ని సుమారు నాలుగు మీటర్ల గళ్లుగా విడగొట్టి ఒక్కో గడికి పది అక్షరాలు ఇచ్చారు. 1972లో వచ్చిన ఆరంకెల పిన్‌కోడ్ పోస్టాఫీసు దాకా చేరుస్తుంది, ఇది గుమ్మం దాకా చేరుస్తుంది.

ఇంకో మాట. పిన్ను పెట్టాక దూరం కొలిచే ఎంపిక కూడా ఉంటుంది. బండి ఆపిన చోటు నుంచి ఇంటి దాకా గట్టు వెంబడి మలుపు మలుపుకీ చుక్కలు పెట్టుకుంటూ వెళితే ఎన్ని మీటర్లు నడవాలో తెలుస్తుంది. బరువు మోసుకెళ్లేవాళ్లకి అది ముందే తెలియాలి. కంప్యూటర్లో అయితే చుక్కలు చుట్టూ పెట్టి మొదటి చుక్క దగ్గరికి వచ్చి కలిపితే విస్తీర్ణం కూడా చూపిస్తుంది. సెంటు అంటే 40.47 చదరపు మీటర్లు, లెక్క కట్టుకోవచ్చు. హద్దు తగాదాలకి మాత్రం అది పట్టుకుని వెళ్లొద్దు. శాటిలైట్ బొమ్మ కొన్ని మీటర్లు పక్కకి జరిగి ఉండవచ్చు. ఒక మీటరు గట్టు కోసం అన్నదమ్ములు పదేళ్లు మాట్లాడుకోకపోవడం నేను కళ్లారా చూశాను.

దూరంగా ఉన్న కొడుకు (డల్లాస్) జవాబు:

మా అమ్మా నాన్నా కొత్తపేట మండలంలో ఉంటారు. ఇంటికొచ్చి చూసే నర్సుకి, గ్యాస్ అబ్బాయికి ఇక్కడి నుంచి నేనే దారి చెబుతాను, అందుకని ఈ ప్రశ్న చూడగానే ఆగిపోయాను.

పైన ఆఫ్‌లైన్లో నడక దారి రాదని చెప్పారు కదండి, దానికి ఆర్గానిక్ మ్యాప్స్ అని ఉచిత యాప్ వాడి చూడండి. రాష్ట్రం బొమ్మ ఫోన్‌లోకి దింపుకుంటే నెట్ లేకుండానే నడకకీ, సైకిలుకీ, కారుకీ దారి చెబుతుంది. అందులో ఉన్న సమాచారం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ది. 2004లో బ్రిటన్‌లో మొదలైన పని అది, ఎవరైనా ఖాతా తెరిచి తమ ఊరి రోడ్లు గీయవచ్చు. మా వీధి అందులో లేకపోతే ఒక ఆదివారం కూర్చుని శాటిలైట్ బొమ్మ మీద నేనే గీశాను. చెరువు గట్టు, రెండు కాలవ వంతెనలు, అమ్మవారి గుడి పెట్టాను. పేర్లు తెలుగులోనే రాశాను, అందుకు వేరే గడి ఉంటుంది. చెరువు పక్క బాట వాహనాలకి కాదు, నడకకి మాత్రమే అని కూడా గుర్తు పెట్టవచ్చు. ఆ బాట గీస్తుంటే బడికి వెళ్లిన రోజులు గుర్తొచ్చి చాలాసేపు ఆగాను.

గూగుల్ మ్యాప్స్‌లో కూడా తప్పు రోడ్డు, లేని రోడ్డు గురించి సూచన పంపవచ్చు. వాళ్లు పరిశీలించాక మారుస్తారు.

ఇంటింటి ఫిజియో మళ్లీ రాశారు:

రెండు వారాలైంది. ఒక్కొక్కటీ చేసి చూసి రాద్దామని ఆగాను.

మ్యాపు దింపుకున్నాను. మొదటిసారి చదరం చిన్నది పెట్టడం వల్ల యానాం బయట ఉండిపోయింది, మళ్లీ దింపాను. ఫెర్రీలు వద్దు అని పెట్టి ద్రాక్షారామం కొట్టి చూశాను. గీత ఎదుర్లంక వంతెన మీదుగా పడింది. కోటిపల్లి వైపు పోలేదు. స్క్రీన్ పట్టుకుని కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను.

గురువారం లంక ఇంటికి వెళ్లాను. అక్కడ ఒక మామ్మగారు ఉన్నారు, పక్షవాతంతో ఎడమ వైపు పడిపోయింది. ఎప్పుడూ కోడలు వంతెన దాకా ఎదురొస్తుంది, ఆ రోజు ఆమె కలుపుతీతకి వెళ్లింది. సిగ్నల్ లేదు. ముందు రాత్రే బండి ఆపే చోటుకీ, ఇంటికీ రెండు పిన్నులు పెట్టి దూరం కొలిచాను, 340 మీటర్లు వచ్చింది. అంత దూరమని తెలిశాక పెద్ద మెషీన్ ఇంట్లోనే పెట్టి, చిన్నదీ, సాగే రబ్బరు బెల్టులూ మాత్రం తీసుకెళ్లాను. చుక్క చూసుకుంటూ నడిచాను. అరటి తోట దగ్గర బాట రెండుగా చీలింది, ఇంతకుముందైతే అక్కడ నిలబడి అరిచేదాన్ని. కుడివైపు వెళితే ఇల్లు వచ్చేసింది. మామ్మగారు "దారి ఎవరు చూపించారే" అని కుడిచేత్తో నా చెయ్యి పట్టుకున్నారు. ఆ రోజు ఎడమ చెయ్యి కూడా మణికట్టు దాకా తనే లేపారు.

సర్వేయరు గారూ, మీ మాట ప్రకారం వచ్చేముందు ప్లస్ కోడ్ చూసి, కేలెండరు పక్కన బొగ్గుతో రాయబోతే మామ్మగారి మనవరాలు స్కెచ్ పెన్ను తెచ్చి తనే పెద్ద అక్షరాలతో రాసింది. ఇప్పటికి పదకొండు ఇళ్లలో రాయించాను. నా ఫోన్లో పిన్నులకి మాత్రం పేషెంటు పేరు గానీ, జబ్బు గానీ పెట్టడం లేదు, "తులసి కోట", "రెండు మెట్లు" అని పెట్టుకున్నాను. ఫోన్ ఎక్కడైనా పోతే వాళ్ల ఇంటి సంగతులు ఎవరి చేతిలోనో పడకూడదు.

పార్సెల్ బండి గారూ, ఒక్క సందేహం. సోమవారం మళ్లీ ద్రాక్షారామం పెద్దాయన దగ్గరికి వెళ్లాలి. ముక్తేశ్వరం పంటు మొదలైందంటారా? మొదలైతే చాలా దూరం తగ్గుతుంది, ఆయన్ని నాలుగున్నరకే కూర్చోబెట్టొద్దని కూడా చెప్పొచ్చు.

పార్సెల్ బండి జవాబు:

ఆయ్, నిన్ననే రేవు దాకా వెళ్లి వచ్చానండీ. నీళ్లు తగ్గాయి, పంటు తిరుగుతోంది. స్కూటీలు ఎక్కించుకుంటున్నారు. అయినా ఫెర్రీలు వద్దు అన్న ఎంపిక పూర్తిగా తీసేయకండి, సోమవారం ఒక్కరోజుకి తీసి మళ్లీ పెట్టుకోండి. మధ్యాహ్నం బయలుదేరే ముందు రేవులో టీకొట్టుకి ఒక ఫోన్ కొట్టండి. ఆయన నంబరు మీకు విడిగా పంపాను.